నీళ్లు వచ్చే దారి, పోయే దారి: కోనసీమపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

కోనసీమ భూములు, పంటలు, వరదల మీద మాకు చేరిన ప్రశ్నల్లో చాలావరకు తిరిగి తిరిగి నీటి దగ్గరికే వచ్చాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క ప్రాంతానికే కేటాయించాం. కొన్ని ప్రశ్నలు కలిపేశాం, కొన్నిటిని కుదించాం.

కోనసీమ అన్నా, కోనసీమ జిల్లా అన్నా ఒకటేనా? పోటీ పరీక్షకు చదువుతున్నాను. పుస్తకానికో తీరుగా ఉంది. – విద్యార్థిని, ఖమ్మం

ఒకటి కాదమ్మా. ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. తూర్పు పాయ గౌతమి, పడమటి పాయ వసిష్ఠ. ఈ రెండింటికీ సముద్రానికీ మధ్య ఉన్న ముక్కోణపు నేల అసలైన కోనసీమ. గన్నవరం దగ్గర వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోయి ఆ ముక్కోణాన్ని మళ్లీ కోస్తుంది. అలా రాజోలు వైపు భూములు వసిష్ఠకూ వైనతేయకూ నడుమ దీవిలా మిగిలాయి.

జిల్లా సంగతి వేరు. 2022 ఏప్రిల్ 4న తూర్పు గోదావరి నుంచి విడదీసి, అమలాపురం కేంద్రంగా ఏర్పాటు చేశారు. ఆ ఏడాదే అంబేడ్కర్ పేరు చేర్చారు. అప్పుడు గౌతమికి తూర్పున ఉన్న రామచంద్రపురం, ద్రాక్షారామం వైపు ఊళ్లనూ ఇందులో కలిపారు. అలా పాలన లెక్కలో అవి కోనసీమలో చేరాయి. నీటి లెక్కలో మాత్రం అవి తూర్పు డెల్టా కాలువల కింద ఉన్నాయి. జిల్లా గురించి ఏ అంకె చదివినా అది రెంటిలో దేనికి చెందిందో ముందు చూసుకోండి. లేకపోతే లెక్క తప్పుతుంది.

నీటి వ్యవస్థ గురించి గుర్తుంచుకోవలసింది ఇది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇప్పుడున్నది దాని స్థానంలో కట్టిన బ్యారేజీ. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాల్లో 70, 43, 23, 39 చొప్పున మొత్తం 175 గేట్లు ఉన్నాయి. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడింటి ఆయకట్టు 10 లక్షల ఎకరాలకు పైమాటే. అందులో మధ్య డెల్టాది, అంటే అసలైన కోనసీమది, సుమారు 2 లక్షల ఎకరాలు. ఆ నీరు బొబ్బర్లంక దగ్గర బయలుదేరి లొల్ల లాకుల వద్ద కాలువలుగా చీలుతుంది. వైనతేయకు అవతల ఉన్న రాజోలు దీవికి నీరు వెళ్లేది ఏటి కింద నుంచి కాదు, ఏటి మీద నుంచి. గన్నవరం అక్విడక్టు ఆ పని చేస్తుంది. 19వ శతాబ్దం మధ్యలో కట్టిన పాతదాని పక్కన కొత్తది వచ్చింది. దానికి అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు.

చుట్టూ నీళ్లే ఉండగా 2011లో, మళ్లీ 2022లో కోనసీమ రైతులు పంట విరామం ఎందుకు ప్రకటించారు? నీళ్లు లేని మా ప్రాంతం వాళ్లకు ఇది అంతుపట్టదు. – రైతు, అనంతపురం

మీకు నీరు రావడం కష్టం, వాళ్లకు నీరు పోవడం కష్టం. 2011లో గిట్టుబాటు ధర, కూలీల కొరత, పెరిగిన ఖర్చులు కూడా కారణాలే. అప్పట్లో ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది కూడా. కానీ ఏ రైతు దగ్గర కూర్చున్నా మాట చివరికి మురుగు కాలువ (డ్రెయిన్) దగ్గరే ఆగుతుంది.

ఒక లెక్క చూడండి. ఒక్క రోజులో 10 సెంటీమీటర్ల వాన పడిందనుకుందాం. తుఫానులో ఇది పెద్ద వానేం కాదు. ఎకరానికి 4 లక్షల లీటర్ల నీరు నిలుస్తుంది. వెయ్యి ఎకరాల పల్లపు భూమి నుంచి ఆ నీటిని మూడు రోజుల్లో తీసేయాలంటే డ్రెయిన్ 55 క్యూసెక్కులు ఆగకుండా పారాలి. కానీ సముద్రం దగ్గరి డ్రెయిన్ ఆగకుండా పారదు. రోజుకు రెండుసార్లు పోటు వస్తుంది. పోటు వేళ బయట నీటిమట్టమే ఎత్తుగా ఉంటుంది గనుక లోపలి నీరు కదలదు. సగం సమయమే పారుతుందంటే ఆ డ్రెయిన్‌కు 110 క్యూసెక్కుల సత్తా ఉండాలి. దానికి తోడు గోదావరికి వరద వస్తే, ఏటిలోకి దిగే డ్రెయిన్ల తలుపులు రోజుల తరబడి మూసే ఉంచాలి. వాన నీరంతా చేలోనే.

సత్తా తగ్గించే కారణాలు అందరికీ కనిపించేవే. గుర్రపుడెక్క దట్టంగా పెరిగి ప్రవాహాన్ని పట్టేస్తుంది. ఏటి మొగలో, అంటే సముద్రంలో కలిసే చోట, ఇసుక మేట వేస్తుంది. డ్రెయిన్ గట్టు లోపలికి జరిగి వరిమడో, రొయ్యల చెరువో అవుతుంది. చెరువుకు దారి కోసం డ్రెయిన్‌కు అడ్డంగా సన్నటి తూము గొట్టం వేసి మట్టి పోస్తారు. అక్కడికి పైనున్న వందల ఎకరాల మురుగంతా ఆ గొట్టం పట్టినంతే పోతుంది. పంట కాలువ కింద నుంచి మురుగు దాటే అండర్ టన్నెళ్లు పూడిపోతే పైకి ఏమీ కనిపించదు. ముంపు వచ్చాకే తెలుస్తుంది.

బాగుచేసుకునే గడువు చాలా చిన్నది. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసినప్పటి నుంచి జూన్‌లో మళ్లీ నీరు వదిలేదాకా, ఇంచుమించు ఆరేడు వారాలు. పూడికతీత పని మే నెలాఖరున మొదలైతే అది పని కిందికి రాదు. పైపైన తూడు తీసి గట్టునే వేస్తారు, తొలి వానకే అది మళ్లీ నీళ్లలోకి జారుతుంది. మీ ఊరి నీటి సంఘం అడగాల్సినది ఎంత డబ్బు మంజూరైందని కాదు, ఏ తేదీకి యంత్రం దిగుతుందని. తవ్వకం కూడా మొగ దగ్గర మొదలై పైకి రావాలి. పైన లోతు చేసి కింద వదిలేస్తే మురుగు వేగంగా వచ్చి దిగువ ఊరిని ముంచుతుంది.

అల్లవరం మండలంలో మూడెకరాలు కౌలుకు తీసుకున్నాను. కాలువ చివరి శివారు భూమి, పల్లం. సార్వాలో (వానాకాలపు వరిలో) స్వర్ణ వేయాలా, వేరే రకమా? ఎప్పుడు వేయాలి? – కౌలు రైతు

తేదీ ముందు, రకం తర్వాత. స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, 150 రోజుల పంట. జూన్ మొదటి వారంలో ఆకుమడి (నారుమడి) పోస్తే నవంబర్ మొదటి వారానికి కోత. జూలై మొదటి వారంలో పోస్తే కోత డిసెంబర్‌కు పోతుంది. జూలై, ఆగస్టు, సెప్టెంబర్ వరదల కాలం. అక్టోబర్ చివర నుంచి నవంబర్ అంతా తుఫాన్ల కాలం. కోనసీమను అతలాకుతలం చేసిన 1996 తుఫాను తీరం దాటింది నవంబర్ 6న. జూన్ ఆరంభంలో పోసిన ఆకు జూలై తొలి పక్షానికి ఊడ్పు పూర్తయి, వరద వచ్చేసరికి నాలుగు పిలకలు వేసి నిలదొక్కుకుంటుంది. ఆలస్యమైన పంటకు రెండు దెబ్బలు: లేత ఊడ్పు వరదకు, పండిన కంకి తుఫానుకు దొరుకుతాయి.

శివారుకు కాలువ నీరు చేరేసరికి పదీ పదిహేను రోజులు ఆలస్యమవడం మామూలే. అందుకని ఆకుమడిని చేలోనే పోయాలని పట్టుబట్టకండి. బోరో, చెరువో అందుబాటులో ఉన్న మెరక చోట నలుగురు కలిసి పోసుకోండి. బోరు నీరు ఉప్పగా లేదని ముందు రుచి చూడండి, వీలైతే పరీక్ష చేయించండి. ఎకరం ఊడ్పుకు 5 సెంట్ల మడి, 20 నుంచి 25 కిలోల విత్తనం సరిపోతాయి. లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ కలిపి 24 గంటలు నానబెట్టి, మరో 24 గంటలు మండె కట్టి (మొలకెత్తేలా మూటగట్టి ఉంచి) చల్లాలి. మడి చుట్టూ, మధ్యలో చిన్న కాలువలు తీయడం మరిచిపోకండి. మొలక మీద ఒక్క రాత్రి నీరు నిలిచినా కుళ్లుతుంది.

పల్లానికి మేం చెప్పేది ఎంటీయూ 1064, మీవైపు అమర అంటారు. పొడవుగా ఎదుగుతుంది, కొన్ని రోజుల ముంపును స్వర్ణ కంటే బాగా తట్టుకుంటుంది. ఉప్పు ఛాయ ఉన్న చేనైతే ఇంద్ర, ఎంటీయూ 1061, చూడండి. ఇవన్నీ పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన స్థానం రకాలే, విత్తనం కూడా అక్కడ దొరుకుతుంది. స్వర్ణ మంచి పంటే, సుడిదోమకు మాత్రం లొంగుతుంది. వేస్తే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీసి, గాలి ఆడనివ్వండి. యూరియా ఎక్కువ వేస్తే దోమను మనమే పిలిచినట్టు.

పల్లంలో లేత ఆకు ఊడ్చకండి. 30 రోజులు దాటిన పొడవాటి ఆకును, కుదురుకు మూడు నాలుగు మొక్కలు పెడితే కొన నీటికి పైనే ఉంటుంది. వెదజల్లడం చవక, వారం పది రోజులు ముందే కోతకూ వస్తుంది. కానీ అది మీ చేనులాంటి చోటికి కాదు. వెద మొలకకు వేరు పట్టు తక్కువ, జూలై ముంపులో తేలిపోతుంది.

ఏ కారణం చేతైనా జూలై మూడో వారం దాటితే 150 రోజుల రకం ఆశ వదిలేయండి. 120, 125 రోజుల ఎంటీయూ 1121 లాంటివి వేయండి. స్వల్పకాలిక రకం కొనేటప్పుడు గింజకు నిద్రావస్థ ఎన్ని రోజులుందో తప్పక అడగండి. అది లేని రకమైతే తడిసిన కంకి చేలోనే మొలకెత్తుతుంది.

సార్వా జారితే దాళ్వా, అంటే రెండో పంట, కూడా జారుతుంది. దాళ్వాకు నదిలో సహజంగా వచ్చే నీరు చాలదు, సీలేరు విద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీరు ఆదుకోవాలి, వంతులవారీగా ఇస్తారు. డిసెంబర్ చివరికి ఊడ్పు పడకపోతే గింజ పాలుపోసుకునే రోజులకు ఎండలూ కాలువ కట్టివేతా ఒకేసారి ఎదురవుతాయి. అప్పుడు శివారు వాడికి దక్కేది తాలు.

చివరిగా ఒక మాట. భూమి యజమాని సంతకంతో పంట సాగుదారు హక్కు పత్రం తీసుకోండి. దాని గడువు 11 నెలలు. యజమాని భూమి పోతుందని భయపడితే, ఆ పత్రానికి యాజమాన్య హక్కుతో సంబంధం లేదని 2019 చట్టంలోనే ఉన్నదని చూపించండి. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో మీ పేరు ఎక్కకపోతే ముంపు పరిహారం చేను చేసిన మీకు కాక, చేలో దిగని వాళ్లకు పోతుంది. ఇది చాలా అన్యాయం, ఏటా జరుగుతున్నదే.

చేను మునిగి నీరు తీసేశాక ఏం చేయాలి? ఒక్కొక్కరు ఒక్కో మందు చెబుతున్నారు. – ఇద్దరు పాఠకులు, ముమ్మిడివరం, మామిడికుదురు

ముందు నీరు తీయండి. నీరు నిలిచి ఉండగా చల్లిన ఎరువు పక్క చేనుకు పోతుంది.

ఆకుమడి మునిగితే: నీరు తీశాక 5 సెంట్లకు కిలో యూరియా, కిలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చల్లండి. తెగులు రాకుండా కార్బెండజిమ్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు పిచికారీ చేయండి.

పిలకల దశలో మునిగితే: ఎకరాకు 20 కిలోల యూరియా, 10 నుంచి 15 కిలోల పొటాష్. పొటాష్ మానేసి యూరియా ఒక్కటే వేస్తే పైరు పచ్చగా కనబడుతుంది గానీ మెత్తబడి ఆకు ఎండు తెగులుకు దొరుకుతుంది. బురద పట్టిన ఆకులు శుభ్రపడేలా, వాన లేకపోతే మంచినీరు పిచికారీ చేసినా మేలే.

కోతకొచ్చిన చేను పడిపోయి తడిస్తే: లీటరు నీటికి 50 గ్రాముల కల్లుప్పు కలిపి కంకులు తడిసేలా కొట్టండి. ఎకరానికి 200 లీటర్లు, అంటే 10 కిలోల ఉప్పు. మొలక ఆగుతుంది. నాలుగేసి కుదుళ్లు చేర్చి కట్టి నిలబెట్టగలిగితే ఇంకా మంచిది.

నూర్చిన ధాన్యం తడిసి ఎండ లేకపోతే: క్వింటాలుకు 5 కిలోల ఉప్పు, 20 కిలోల పొడి ఊక కలిపి పోగు పెట్టండి. వారం దాకా మొలకెత్తదు, వేడెక్కి రంగు మారడమూ తగ్గుతుంది. ఎండ రాగానే తూర్పారబట్టి ఆరబోయండి. తడి ధాన్యం మీద బరకం కప్పి గాలి ఆడకుండా నాలుగు వైపులా రాళ్లు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. తెల్లారేసరికి చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, అప్పటికే నష్టం జరిగిపోయి ఉంటుంది.

గోదావరి జిల్లాల్లో బస్తా అంటే ఎంత? – ఉద్యోగి, బెంగళూరు

75 కిలోలు. ఎకరానికి 30 బస్తాలంటే ఇరవై రెండున్నర క్వింటాళ్లు. 2025-26 మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,369 రూపాయలు, గ్రేడ్ ఎకు 2,389. బస్తా లెక్కన 1,776.75, 1,791.75. తేమ 17 శాతం దాటకూడదు. 20 శాతం తేమతో ఉన్న క్వింటాలును 17కు ఆరబెడితే మూడున్నర కిలోలకు పైగా తరుగుతుంది. మిల్లు దగ్గర అంతకు మించి తరుగు తీస్తుంటే తేమ కొలిచే యంత్రం అంకె మీ కళ్ల ముందే చూపమని అడిగే హక్కు మీకుంది.

సముద్రానికి దగ్గర్లో మా కొబ్బరి తోట ఉంది. నాలుగేళ్లుగా కాయ చిన్నదవుతోంది, పిందె రాలుతోంది, కొన్ని చెట్లకు తల సన్నబడి మొవ్వు విరిగిపోయింది. పురుగు మందులు కొట్టాం, మార్పు లేదు. – రైతు, రాజోలు ప్రాంతం

మీరు రాసిన వరుసను బట్టి ఇది పురుగు కాదు, ఉప్పు. పోటు వేళ డ్రెయిన్ ద్వారా వెనక్కి ఎక్కే సముద్రపు నీరు తోటలో నిలిచిపోతోంది. కొబ్బరికి ఉప్పుగాలి, ఉప్పు తగిలిన ఇసుక నేల కొత్త కాదు. వేరు కింద ఉప్పునీరు కదలకుండా నిలిస్తే మాత్రం తట్టుకోలేదు. వేరుకు గాలి అందదు, కొత్త వేరు పుట్టదు. అందుకే ముందు కింది మట్టల కొనలు మాడతాయి, తర్వాత పిందె రాలుతుంది, కాయ తగ్గుతుంది, ఏటా వచ్చే మట్టల సంఖ్య తగ్గి తల పెన్సిల్ మొనలా సన్నబడుతుంది. ఆ దశకు వచ్చిన చెట్టు తిరిగి కోలుకోవడం అరుదు.

అనుమానం తీర్చుకోవడం కష్టం కాదు. చెట్టుకు మీటరున్నర దూరంలో తవ్వి ఒక అడుగు, రెండు అడుగులు, మూడు అడుగుల లోతుల్లో మట్టి విడివిడిగా తీయండి. మేలో ఒకసారి, వానలు ఆగాక ఒకసారి. భూసార పరీక్షలో ఈసీ, అంటే మట్టిలో ఉప్పు ఎంతుందో చెప్పే విలువ, 4 దాటితే ఉప్పు నేల అన్నట్టే. పై అడుగు కంటే కింది అడుగులో విలువ ఎక్కువుంటే ఉప్పు కింది నుంచి ఊరుతోంది. పైనే ఎక్కువుంటే పోటు నీరు గట్టు దాటి వస్తుండొచ్చు, ఎండాకాలంలో కింది ఉప్పు పైకి లేచినా అలాగే ఉంటుంది.

మందు ఆ తర్వాత. మొదట దారి మూయాలి. డ్రెయిన్ మొగ దగ్గర పోటుకు తనంతట మూసుకుని పాటుకు తెరుచుకునే తలుపులు ఉండాలి. తుప్పు పట్టో, గుర్రపుడెక్క ఇరుక్కునో సగం తెరిచి ఉండిపోతే ఒక్క పున్నమి పోటు ఒక ఏడాది కష్టాన్ని తినేస్తుంది. ఇది ఒక్క రైతు చేయగల పని కాదు, డ్రెయిన్ల శాఖను ఊరంతా కలిసి పట్టాలి. అమావాస్య, పున్నమి పోట్ల రోజుల్లో ఫొటోలు తేదీతో తీసి అర్జీకి జతచేయండి. మీ తోటలో మీరు చేయగలిగింది: రెండు వరుసల మధ్య రెండడుగుల లోతు బోదె తీసి డ్రెయిన్ వైపు వాలు ఇవ్వడం, వానాకాలంలో కాలువ మంచినీరు వదిలి ఉప్పు కడిగించడం, పాదుల్లో జనుమో జీలుగో చల్లి పూత దశలో కలియదున్నడం. జిప్సం ఎవరో చెప్పారని టన్నులు పోయకండి. అది చౌడు నేలకు, ఉత్త ఉప్పు నేలకు కాదు. ఉప్పును తీసేది మంచినీరు, అది పోయే దారి.

నీరు నిలవని చెట్లకు ఎరువులు యథావిధిగా ఇవ్వండి. కాపు చెట్టుకు ఏడాదికి కిలో యూరియా, 2 కిలోల సూపర్ ఫాస్ఫేట్, 2 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్, 25 కిలోల పశువుల ఎరువు. రెండు సగాలుగా, జూన్-జూలైలో ఒకటి, సెప్టెంబర్-అక్టోబర్‌లో ఒకటి. మొదలుకు ఆనించి పోస్తే దండగే, మీటరు నుంచి మీటరున్నర దూరంలో గాడి తీసి వేసి కప్పాలి.

తల పోయిన చెట్లను నిలబెట్టి ఉంచకండి. కుళ్లిన మాను కొమ్ముపురుగుకు పుట్టిల్లు, అక్కడి నుంచి బతికున్న చెట్ల మీదికి వెళ్తుంది. అది తిన్న మొవ్వు విచ్చుకున్నాక మట్ట విసనకర్రలా కత్తిరించినట్టు కనబడుతుంది. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, మాను నుంచి జేగురు రంగు జిగురు కారితే లోపల అది ఉన్నట్టే. లేత తోటలో మొవ్వు చుట్టూ మూడు మట్ట సందుల్లో ఒక్కో కలరా ఉండ పెట్టి ఇసుక కప్పండి, 45 రోజులకోసారి మార్చండి.

కొత్తగా నాటేటప్పుడు 8 మీటర్ల ఎడం తగ్గించకండి. ఎకరాకు 63 చెట్లు పడతాయి. అంబాజీపేట పరిశోధన స్థానంలో ఈస్ట్ కోస్ట్ టాల్ అనే పొడుగు రకంతో పాటు గోదావరి గంగ సంకరం కూడా దొరుకుతుంది. తీరానికి దగ్గరి నేలకు మా ఓటు పొడుగు రకానికే.

ఆకుల కింద తెల్లటి పొడి, పైన నల్లటి మసి. ఏం కొట్టాలి? – పాఠకురాలు, కొత్తపేట

అది సర్పిలాకార తెల్లదోమ. మసి దాని తేనెజిగురు మీద పెరిగిన బూజు. ఘాటైన పురుగుమందులు కొట్టకండి. దోమ పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ ముందు చస్తుంది, దోమ మళ్లీ రెట్టింపవుతుంది. అడుగు ఆకుల వెనక గట్టిగా నీరు కొట్టండి. లీటరుకు 5 గ్రాముల ఐసేరియా శిలీంద్రం పొడి, లేదా 10,000 పీపీఎం వేపనూనె లీటరుకు 1 మి.లీ. కొంచెం సబ్బు పొడితో. ఎండ తగ్గిన సాయంత్రం కొట్టాలి. చెట్టు చావదు, కంగారు వద్దు.

అంబాజీపేట ధరల పట్టికలో గండేరా, గటగట అని ఉంటుంది. అవేమిటి? – పాఠకుడు, విజయవాడ

కురిడీ కొబ్బరిలో తరగతులు. కాయను డొక్క తీయకుండా నెలల తరబడి రాశి పోసి ఉంచితే లోపలి నీరు ఇంకి గుడ్డు విడివడుతుంది, అదే కురిడీ. ధర వెయ్యి కాయల లెక్కన పలుకుతుంది. గండేరాకు గటగట కంటే ఎక్కువ. పచ్చికాయ ధర పడిపోయినప్పుడు నిల్వకు చోటున్న రైతు కురిడీకి వేస్తాడు. కానీ డబ్బు చేతికొచ్చేసరికి ఏడాది పడుతుంది, కౌలు కట్టాల్సిన వాడికి ఆ ఓపిక ఉండదు.

పక్క రైతు వరి చేను తవ్వి రొయ్యల చెరువు వేశాడు. మా చేలో గట్టు వెంబడి నాలుగు వరుసలు ఎర్రబడ్డాయి. ఏం చేయగలం? – రైతు, కాట్రేనికోన

ఉప్పు ఊట. చెరువు నీటిమట్టం మీ చేను కంటే ఎత్తుగా ఉన్నంతకాలం అది ఆగదు. వరికి మట్టి ఈసీ 3 దాటాక దిగుబడి పడిపోవడం మొదలవుతుంది. గట్టు నుంచి 2, 10, 30 మీటర్ల దూరంలో మట్టి పరీక్ష చేయించండి. విలువ చెరువు వైపు పెరుగుతూ వస్తే అంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు. చెరువు గట్టుకూ మీ గట్టుకూ మధ్య, చెరువు రైతు భూమిలోనే, చెరువు అడుగు కంటే లోతుగా ఊట కాలువ తీయించి దాన్ని డ్రెయిన్‌కు కలపాలి. మీ చేలో ఎప్పుడూ పలచగానైనా మంచినీరు ఉంచితే ఊట కొంత వెనక్కి తగ్గుతుంది.

అనుమతి ఉందో లేదో మత్స్యశాఖ దగ్గర రాతపూర్వకంగా అడగండి. ఉప్పునీటి చెరువులకు 2005 నాటి తీర ఆక్వా చట్టం వర్తిస్తుంది. సాగుభూమిని ఉప్పునీటి చెరువుగా మార్చకూడదన్నది ఆ నిబంధనల్లో ముఖ్యమైనది. రొయ్యకు మేం వ్యతిరేకం కాదు, ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లు దాని మీద నిలబడ్డాయి. కానీ మధ్యలో ఒక్క చెరువు వస్తే చుట్టూ ఉన్న వరి రైతులకు చెరువు తవ్వడం తప్ప వేరే దారి లేకుండా పోతోంది. అది ఎంపిక కాదు.

లంక భూమి చవగ్గా వస్తోంది. అరటి వేద్దామనుకుంటున్నాం. కొనొచ్చా? – దంపతులు, హైదరాబాద్

లంక అంటే ఏటి నడుమ మేట వేసిన నేల, అది బంగారమే. వరద తెచ్చే ఒండ్రు ఏటా కొత్తగా పడుతుంది. అరటి, కంద, పసుపు, కూరగాయలు తక్కువ ఎరువుతో పండుతాయి. రావులపాలెం అరటి మార్కెట్‌కు సరుకు వచ్చేది ఎక్కువగా ఈ లంకల నుంచే. చవక ఎందుకో మాత్రం తెలుసుకోండి. లంకల్లో పట్టా భూములూ ఉన్నాయి, ప్రభుత్వం కౌలుకు ఇచ్చినవీ, పేదలకు కేటాయించిన అసైన్డ్ భూములూ ఉన్నాయి. కౌలుకు ఇచ్చినవి అమ్మకానికి పనికిరావు, అసైన్డ్ భూముల అమ్మకానికి ఆంక్షలు ఉంటాయి. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో) ఉందేమో సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చూడండి. ఆ తర్వాత సర్వేయరుతో కొలిపించండి. కాగితం మీద రెండెకరాలు, ఏటి కోత పోగా నేల మీద ఎకరం పావు ఉన్న సందర్భాలు తక్కువ కాదు. కోత ఏ ఒడ్డున నడుస్తోందో పాత ఉపగ్రహ చిత్రాలతో పోల్చితే పదినిమిషాల్లో తెలుస్తుంది.

అరటి గెల ఆగస్టులో చేతికొచ్చేలా వేయకండి. నీరు నాలుగైదు రోజులు నిలిస్తే దుంప కుళ్లుతుంది, నీరు తీశాక పచ్చగా కనిపించిన తోట వారానికి వాలిపోతుంది.

టీవీలో ఒకటో ప్రమాద హెచ్చరిక, రెండోది అంటారు. మా అమ్మానాన్నలు లంక గ్రామంలో ఉన్నారు. ఏ అంకె దగ్గర వాళ్లను బయటికి తేవాలి? – కుమారుడు, దుబాయ్

ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులైతే మొదటి హెచ్చరిక. 13.75 అడుగులు, 13 లక్షలకు రెండోది. 17.75 అడుగులు, 17 లక్షలకు మూడోది. 1986 ఆగస్టులో 35 లక్షలు దాటింది, 2022 జూలైలో 25 లక్షలు దాటింది.

మీరు చూడాల్సింది ధవళేశ్వరం కాదు, భద్రాచలం. అక్కడ 43, 48, 53 అడుగులు మూడు హెచ్చరికలు. అక్కడి నీరు బ్యారేజీకి చేరడానికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. ఆ ఒక్క రోజే మీ గడువు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే (ఏటి పాయ దాటే తక్కువ ఎత్తు దారి), అయినవిల్లి మండలంలో ఎదురుబిడియం కాజ్‌వే లాంటివి తొలి హెచ్చరికకే మునుగుతాయి. ఆ తర్వాత రాకపోకలు పడవ మీదే. కాబట్టి పెద్దవాళ్లు, గర్భిణులు, డయాలసిస్ లాంటి చికిత్స తీసుకునేవాళ్లు ఉంటే భద్రాచలంలో మొదటి హెచ్చరిక ఇచ్చిన పూటే, కారు వెళ్లే దారి ఉండగానే బయటికి తీసుకురండి. రెండోది దాకా ఆగొద్దు.

పశువుల సంగతి ముందే మాట్లాడుకోండి. చాలామంది పెద్దవాళ్లు గేదెను వదిలి రామంటారు, అది మొండితనం కాదు, వాళ్ల బతుకు అది. ఏటిగట్టు మీద కట్టేసుకునే చోటు, నాలుగు రోజులకు సరిపడా ఎండుగడ్డి గట్టు ఇవతల బంధువుల ఇంట జూన్‌లోనే సర్ది ఉంచితే వాళ్లూ కదులుతారు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, మందుల చీటీ ఒక ప్లాస్టిక్ సంచిలో వేసి తలుపు పక్కనే వేలాడదీయమనండి. ఫోన్ ఛార్జింగ్‌కు పవర్ బ్యాంకు ఒకటి పంపండి. వరద లంకలోకి ఎక్కే ముందే ట్రాన్స్‌ఫార్మర్ ఆపేస్తారు.